హైమక్క రాసిన పద్నాలుగు దారులు

హైమవతి గారు ఇక లేరన్న వార్త నాకు ఒక నర్సు చెప్పింది. గత నెలలో ఒక మంగళవారం, మధ్యాహ్నం వేళ, ల్యాబ్‌లో లంచ్ డబ్బా మూత తీస్తుండగా ఫోన్ మోగింది. బయట మైనస్ ముప్ఫై చలి. "మీరు ఆమెకు ఏమవుతారు?" అని అడిగింది ఆ నర్సు. పంతొమ్మిదేళ్ళ పరిచయం మాది. "కొలీగ్" అన్నాను. హాస్పిటల్ కాగితాల్లో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అన్న గడిలో నా ఒక్కదాని పేరే ఉందట. ఆ సంగతి ఆవిడ నాకెన్నడూ చెప్పలేదు. రెండు రోజుల ముందు ఆదివారం నాడు వెళ్ళి చూసినప్పుడు దిండుకు ఆనుకుని కూర్చుని, "ఈ సూప్‌లో ఉప్పు వేయడం మర్చిపోయారా, లేకపోతే నన్ను మర్చిపోయారా?" అని నవ్వించిన మనిషి. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉండగానే ఈ వార్త. నమ్మడానికి మనసు ఒప్పుకోలేదు. డబ్బా మూత మళ్ళీ పెట్టేసి కోటు వేసుకున్నాను.

కెనడాలో మా ఊరు సస్కటూన్. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రానికి సంతాప సందేశాలు వరదలా వచ్చాయి. అలా పెట్టినవాళ్ళలోనే కొందరు విడిగా నన్ను "ఏ హైమవతి గారండీ?" అని అడిగారు. వాళ్ళను తప్పుపట్టను. ఆవిడ ఈ ఊళ్ళో ముప్ఫై అయిదేళ్ళు ఉన్నా ఎవరి ఇంటి ఫోటోల్లోనూ మధ్యలో నిలబడలేదు. ఆమెను ఎరిగినవాళ్ళు తలుచుకోవాలని, ఎరగనివాళ్ళు ఇప్పటికైనా ఎరగాలని ఈ నాలుగు మాటలు. ఇందులో నేను దాచిపెట్టిన ఒక తప్పు కూడా ఉంది. అది చెప్పకుండా ఆమెకు నమస్కరించే అర్హత నాకు లేదు.

హైమవతి గారిది నరసాపురం. వ్యవసాయశాస్త్రం చదవడానికి ఇక్కడి యూనివర్సిటీకి వచ్చి, చదువయ్యాక విత్తనాలు పరీక్షించే ల్యాబ్‌లో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు, "అడగడానికి వచ్చినవాడు మంచు చూసి వెనక్కి పోయాడు" అని చెప్పేవారు. అది నిజమో హాస్యమో నాకు ఈనాటికీ తెలియదు. కరీంనగర్ నుంచి వచ్చి ఆ ల్యాబ్‌లో ఆమె పక్క బల్ల దగ్గర చేరిన నేను మొదట్లో "మేడమ్" అనేదాన్ని. "మేడమ్ అంటే నా వెనకాల ఎవరో ఉన్నారేమోనని తిరిగి చూడాల్సి వస్తోంది" అన్నారు. అప్పటి నుంచి అక్క అయ్యారు.

నా మొదటి వారం సంగతి. తడి కాగితం మీద వంద మైసూరుపప్పు గింజలు పేర్చి, వారం తర్వాత ఎన్ని మొలిచాయో చూసి రాయాలి. తొంభై నాలుగు మొలిచాయని గొప్పగా వెళ్ళి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఆ ఆరింటి సంగతి చెప్పు" అన్నారు. "మొలిచినవి వాటి పని అవి చేసుకున్నాయమ్మా. మనం ఉన్నది మొలవనివాటిని చూడ్డానికి. కుళ్ళిందా, నిద్రపోతోందా, దెబ్బతిందా, నువ్వు చూడకపోతే ఇంకెవరు చూస్తారు?" అని ఆ ఆరు గింజల్నీ ఒక్కొక్కటే చిమటాతో ఎత్తి చూపించారు. లోపం అంటే ఆమెకు చిన్నచూపు లేదు. ఎదుటివాళ్ళ పొగడ్త వింటూ కిటికీలోంచి బయటికి చూసేవారు. తప్పు చెప్పారంటే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చునేవారు.

ఈ మనిషి ప్రతి వసంతంలోనూ మూడు వారాలు మాయమయ్యేవారు. ఎక్కడికంటే గోజోకి. మధ్యధరా సముద్రంలో మాల్టా పక్కన ఉన్న చిన్న దీవి అది. పడవ దిగి ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒక్క రోజులో నడిచేయొచ్చు. మొదటిసారి ఏదో టూర్‌లో వెళ్ళారట. బస్సు కిటికీలోంచి రాతి గోడల మధ్య ఒక కాలిదారి కనిపించి, గైడ్‌తో చెప్పి దిగిపోయారు. చేతిలో ఇంగ్లీషు గైడ్‌బుక్ ఉంది. "ఇంగ్లీషులోనే నాకు జీతం వచ్చింది, ఇంగ్లీషులోనే సిటిజన్‌షిప్ వచ్చింది. ఆ పుస్తకంలో గోడల పేర్లు, గట్ల పేర్లు, వాగుల పేర్లు మాత్రం ఒక్కటీ తెలియలేదు రజితా. మూడు గంటలు తిరిగిన చోటే తిరిగాను." చివరికి దారి దొరికాక ఒక గోడ మీద కూర్చుని, తను వచ్చిన దారంతా బోర్డింగ్ పాస్ వెనక తెలుగులో రాసుకున్నారు. ఆ రాత పన్నెండేళ్ళు సాగి పుస్తకమైంది. గోజో దీవికి పద్నాలుగు నడకలు, ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో, దారిలో కనిపించే రాయి కథేమిటో, అంతా తెలుగులో.

"ఎవరు చదువుతారక్కా?" అని అడిగాను ఒకసారి. ఆ దీవిలో అడుగుపెట్టే తెలుగువాళ్ళు ఎంతమంది అని నా ఉద్దేశం. "ఎవరో ఒకరు తప్పిపోతారు కదమ్మా. వాళ్ళు చదువుతారు" అన్నారు.

ఆ వచనం ఎంత హాయిగా ఉంటుందో చెప్పాలంటే కొంత ఎత్తి రాయాలి. "సముద్రం కుడిచేతి వైపు ఉండేట్టు చూసుకోండి. మూడో నాగజెముడు పొద దగ్గర దారి చీలుతుంది. వెడల్పుగా, చక్కగా ఉన్న దారిని నమ్మకండి, అది ఒక రైతు ఇంటికి పోతుంది, ఆయనకు మాటలెక్కువ." సముద్రపు ఒడ్డున రాతిలో తొలిచిన చదరపు గుంటల్లో అక్కడివాళ్ళు ఉప్పు పండిస్తారు. వాటికి ఏ పేరు పెట్టాలా అని ఆలోచించలేదావిడ. చిన్నప్పుడు చూసినవాటి పేరే పెట్టారు, ఉప్పుమళ్ళు అని.

చలికాలంలో ఇక్కడి పెద్దవాళ్ళు షాపులు తెరవకముందే మాల్‌లోకి వెళ్ళి నడుస్తారు. హైమక్క కూడా వెళ్ళేవారు, చేతిలో తన కాగితాలు పట్టుకుని. ఫుడ్ కోర్ట్ దగ్గర కొండ అంచు, చెప్పుల షాపు దగ్గర మలుపు, ఇలా మనసులో అనుకుంటూ గోజో దారులన్నీ ఆ టైల్స్ మీద నడిచేవారు. సోమవారాల్లో నాకు ఫోన్ చేసి, "ఇవాళ ఏడో నడక పూర్తిచేశాను. ఎస్కలేటర్ దగ్గర సముద్రపు గాలి బాగా వీచింది" అని చెప్పేవారు. మా ఆయన విని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ మాల్ పక్క నుంచి డ్రైవ్ చేస్తుంటే కళ్ళు మసకబారుతున్నాయి.

ఒక ఉగాదికి తెలుగు సంఘంవాళ్ళు ఆమెకు పది నిమిషాలు ఇచ్చారు, గోజో ఫోటోలు చూపించడానికి. పిల్లల డాన్సుకీ భోజనాలకీ మధ్య ఆ పది నిమిషాలు. ఆవిడ మంచి గద్వాల చీర కట్టుకుని, ప్రతి ఫోటోకీ ఒక చీటీ రాసుకుని వచ్చారు. రెండో ఫోటో దగ్గర పులిహోర వాసన వచ్చింది. నాలుగో ఫోటోకి హాలు ఖాళీ. ఎవరినో అనడమెందుకు, ప్లేటు పట్టుకుని లైన్లో నేనూ ఉన్నాను. అక్కడి నుంచే వింటూ ఉన్నాను, ఖాళీ కుర్చీలకు ఆమె చివరి ఫోటో వరకూ ఓపిగ్గా వివరించడం. తర్వాత క్షమాపణ చెప్పబోతే, "పర్లేదులే. దీవిలో కూడా నేను మాట్లాడితే వినేవాళ్ళెవరూ ఉండరు, అలవాటే" అని నా ప్లేట్లోంచి ఒక అప్పడం ముక్క తీసుకున్నారు.

ప్రతి ఏడూ నన్ను రమ్మనేవారు. పిల్లల స్కూలనో, మా అత్తగారిని రప్పించుకునే సూపర్ వీసా అనో, కొత్త ఇంటి రిజిస్ట్రేషన్ అనో వంక చెప్పి తప్పించుకునేదాన్ని. మూడేళ్ళ క్రితం మాత్రం ఆమె అడిగిన తీరు వేరుగా ఉంది. "నాకు తోడు అక్కర్లేదు రజితా. తోడు లేకుండా నడవడం నాకు వచ్చు. రాసింది చూసి ఒక్కరైనా నడవాలి. బావుందని చెప్పేవాళ్ళు వద్దు. ఎక్కడ తప్పిపోయారో చెప్పేవాళ్ళు కావాలి. నువ్వు తప్ప తెలుగు చదవడం వచ్చినవాళ్ళు, నడిచేవాళ్ళు నాకు ఇంకెవరూ లేరు." అంత మాట అన్నాక కాదనలేకపోయాను. ఆ ఏప్రిల్లో ఎనిమిది రోజులకు వెళ్ళాను.

మొదటి మూడు రోజులూ తనే వెంట తిప్పారు. తేనె రంగు రాతి ఇళ్ళు, ఏ ఊరికి ఆ ఊరి గుండ్రటి చర్చి గోపురం, గోడల పక్కన సోంపు మొక్కలు, వాము లాంటి ఘాటు వాసన. పిరమిడ్ల కంటే పాతవంటారే, ఆ మహాశిలల గుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఒక్కో రాయి మనిషికి రెండింతలు ఉంది. ఒక రాక్షస స్త్రీ బిడ్డను ఎత్తుకుని, చిక్కుళ్ళు తింటూ, ఆ రాళ్ళు మోసుకొచ్చి కట్టిందని అక్కడివాళ్ళ కథ. హైమక్క ఆ గోడ మీద చెయ్యి వేసి, "ఈ కథ కచ్చితంగా ఆడవాళ్ళే చెప్పి ఉంటారు. చంకలో పిల్ల, నోట్లో తిండి, నెత్తిన బరువు, మూడూ ఒకేసారి. మగవాడు చెప్తే బిడ్డను ఇంట్లో పెట్టి వచ్చేదిగా" అని పకపకా నవ్వారు. పక్కన ఉన్న జర్మన్ దంపతులు ఈవిడ ఎందుకు నవ్వుతోందా అని చూశారు.

నాలుగో రోజు పరీక్ష. పదకొండో నడక నాకిచ్చారు. అది ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనది, కళ్ళు మూసుకుని నడవగలనని చెప్పేవారు. "ఒక్కటే చాలా?" అన్నాను. "బస్తాడు గింజలూ మొలకెత్తించి చూస్తామా? గుప్పెడు చూస్తాం. ఈ ఒక్కటీ సరిపోతే పద్నాలుగూ సరిపోయినట్టే." తను బస్సులో వెళ్ళి నడక చివర, ఉప్పుమళ్ళ దగ్గర కూర్చుంటానన్నారు. నా చేతిలో నాలుగు కాగితాలు పెట్టి, "ఫోన్ చూడకు. తప్పిపోతే తప్పిపో. ఎక్కడ తప్పిపోయావో గుర్తుపెట్టుకుని రా. నాకు కావాల్సింది అదే" అన్నారు.

సగం దాకా ఆమె వాక్యాలు నన్ను చెయ్యి పట్టుకుని నడిపించాయి. చెప్పిన చోట బావి, చెప్పిన చోట విరిగిన గేటు. తర్వాత పొలాల నడుమ ఒంటిగా ఒక చిన్న చర్చి వచ్చింది. కాగితంలో ఇలా ఉంది: "తలుపు తాళం వేసి ఉంటుంది, బాధపడకండి. అక్కడి నుంచి ఎడమకు దిగే సన్నదారి పట్టుకోండి. పావుగంటలో సముద్రం." ఎడమకు తిరిగాను. సన్నదారి ఒకటి ఉంది, కాని దిగలేదు. గోడల మధ్య అటూ ఇటూ తిప్పి, పాడుబడిన ఒక రాతి గని అంచున నన్ను వదిలేసింది. వెనక్కి వచ్చాను. మళ్ళీ చదివి, మళ్ళీ ఎడమకే వెళ్ళి, మళ్ళీ అదే గని. ఎక్కడో కుక్క మొరుగుతోంది. మనిషి జాడ లేదు. అంత ఎండలో, అంత తెరిపి నేల మీద నేనొక్కదాన్నే ఉన్నానన్న సంగతి ఒక్కసారిగా తెలిసొచ్చింది. పన్నెండేళ్ళుగా ఈవిడ ఇలాగే, పిలిస్తే పలికేవాళ్ళు లేకుండా తిరిగిందా అనిపించింది. భయం వేసింది. బ్యాగులోంచి ఫోన్ తీశాను. మ్యాప్‌లో దారి చర్చికి కుడి వైపున ఉంది. ఇరవై నిమిషాల్లో ఉప్పుమళ్ళ దగ్గర ఉన్నాను.

హైమక్క ఒక బండ మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. ఒక చేతిలో నోటుబుక్, ఇంకో చేతిలో పెన్ను. "ఎక్కడ తప్పిపోయావు?" అన్నారు.

"ఎక్కడా లేదక్కా. అచ్చం మీరు రాసినట్టే ఉంది."

ఆమెను సంతోషపెట్టడానికే అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఫోన్ చూశానని ఒప్పుకోవడానికి సిగ్గు. ఆలస్యమెందుకైందంటే ఫోటోలు తీశానని చెప్పాను. తప్పు ఉందంటే రేపు మళ్ళీ నడిపిస్తుందేమోనని కూడా అనుకున్నాను, నా మోకాళ్ళు అప్పటికే పట్టేశాయి. ఆవిడ మాత్రం పెన్ను మూత పెట్టి మెల్లగా కూర్చుండిపోయారు. "అయితే ఇది పుస్తకమే అన్నమాట" అన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉప్పుగాలి అని తుడుచుకున్నారు.

మర్నాడు ఇంకో ఊరి పొలిమేరలో ఇంకో చిన్న చర్చి ఎదురైంది. ఆవిడ ఏదో మాట్లాడుతూనే దాని ఎడమ పక్క నుంచి వెనక్కి వెళ్ళారు, గోడకు కుడిచెయ్యి తగిలిస్తూ. నేను ముందు నిలబడే ఉన్నాను. మాట తెగకుండానే కుడి పక్క నుంచి బయటికి వచ్చారు. గుడి కనిపిస్తే ప్రదక్షిణం చేయడం నరసాపురంలో పాదాలకు పట్టిన అలవాటు. సస్కటూన్‌లో గుడికి ఏడాదికి ఒక్కసారి కూడా వెళ్ళని మనిషి ఆ దీవిలో ప్రతి చర్చి చుట్టూ తిరుగుతోంది. అలా చుట్టి వచ్చేసరికి మొహం వచ్చిన వైపుకే తిరిగి ఉంటుంది. అప్పుడు ఆమెకు ఎడమ అయినది, నేరుగా వచ్చి నిలబడినవాళ్ళకు కుడి. నిన్నటి తప్పు అక్కడుంది.

"అక్కా, మీరు చర్చి చుట్టూ ఎందుకు తిరిగారు?" అని అడిగాను. "నేనెక్కడ తిరిగాను?" అన్నారు. నిజంగానే ఆమెకు తెలియదు. అప్పుడైనా చెప్పొచ్చు, ఒక్క మాట. కాని నిన్నటి అబద్ధం ఒప్పుకోకుండా ఆ మాట చెప్పడం కుదరదు. ఆమె వెనకే నడిచాను.

తిరిగి వచ్చాక ఆ పుస్తకాన్ని పది ప్రతులు స్పైరల్ బైండింగ్ చేయించారు. ముందుమాటలో "ఒక మిత్రురాలు ఈ రాతను నమ్మి ఒంటరిగా నడిచి క్షేమంగా చేరింది" అని రాశారు. ఆ వాక్యం చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మరుసటి వసంతం వెళ్ళారు, ఆ పై వసంతం వెళ్ళలేకపోయారు. ఊపిరి అందట్లేదని డాక్టర్లు ప్రయాణం వద్దన్నారు. పోయిన ఆదివారాల్లో హాస్పిటల్లో ఆమె పక్కన కూర్చున్నప్పుడల్లా ఈ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈ స్థితిలో ఆమె మనసు కష్టపెట్టడమెందుకని మింగేశాను. వచ్చే ఆదివారం చెబుదాములే అనుకున్నాను. ఆ ఆదివారం రాలేదు.

ఎమర్జెన్సీ కాంటాక్ట్‌ని కాబట్టి ఆమె అపార్ట్‌మెంట్ తాళం నాకిచ్చారు. ఒక కుర్చీ, ఒక కంచం, కిటికీలో ఒక కరివేపాకు మొక్క. బల్ల మీద ఆమె సొంత ప్రతి ఉంది. ప్రతి నడక చివరా స్కేలుతో గీసిన ఒక గడి, పైన "తప్పిపోయినవాళ్ళు" అని శీర్షిక. పదమూడు గడులు ఖాళీగా ఉన్నాయి, నడిచినవాళ్ళెవరూ లేరు కాబట్టి. పదకొండో నడక కింద మాత్రం ఆమె గుండ్రటి చేతిరాత: "రజిత నడిచింది. ఎక్కడా తప్పిపోలేదు." ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చాను, చాలాసేపు.

మొలవని గింజను దీపం కిందికి తెచ్చి చూసే మనిషి ఆవిడ. జీవితమంతా ఆమె కోరుకున్నది మెప్పు కాదు. తన మాట పట్టుకుని ఒక్కరు వచ్చి, ఇదిగో ఇక్కడ నువ్వు తప్పు రాశావు అని చెప్పడం. నిజంగా నడిచినవాళ్ళే ఆ మాట చెప్పగలరు. ఆ తప్పు నా దగ్గర ఉంది. ఆమె పాదాల సంగతి ఆమెకే తెలియనిది నాకు తెలుసు. చెప్పి ఉంటే ఎంత నవ్వేవారో, ఎంత పొంగిపోయేవారో. "చూశావా, మా నరసాపురం కాళ్ళు" అనేవారు. చెప్పకపోవడం వల్ల ఆవిడ పాఠకులు లేని రచయిత్రిగానే వెళ్ళిపోయారు. ఖాళీ కుర్చీలకు ఫోటోలు చూపించిన రోజున ఆవిడ ఎంత ఒంటరో, నా పొగడ్త విన్న రోజునా అంతే ఒంటరి. ఇలాంటి మనిషి ఈ ఊరికి మళ్ళీ రారు. వచ్చినా మనం ప్లేట్లు పట్టుకుని లైన్లో ఉంటామేమో.

ఆ గడిలో ఉన్న మాట కొట్టేసి, కింద నిజం రాశాను. నా చేతిరాత ఆమె రాత పక్కన వంకరగా ఉంది. ఆమెకు నివాళిగా ఇవ్వడానికి నా దగ్గర ఇంతకంటే లేదు.

హైమక్కా, పదకొండో నడకలో, చిన్న చర్చి దగ్గర, నేను తప్పిపోయాను. రెండుసార్లు. చాలా భయపడ్డాను. మీరు పెన్ను మూత తీసి, "చెప్పు, ఎక్కడ?" అని అడగాలి ఇప్పుడు.